పొలానికి గోడలుండవు

కిందటేడు ఆగస్టులో మా చిన్నాన్న మోకాలి ఆపరేషన్‌కని హైదరాబాద్ వచ్చి రెండు నెలల పైనే మా ఫ్లాట్‌లో ఉన్నాడు. నొప్పిని ఓర్చుకున్నాడు గానీ నిద్ర పట్టకపోవడాన్ని ఓర్చుకోలేకపోయాడు. మాది కంభం దగ్గర పల్లె. చాలా ఏళ్లు మా వైపు పొలాలకి కరెంటు రాత్రిపూటే వచ్చేది. చిన్నాన్న టార్చిలైటు, దుప్పటి తీసుకుని వెళ్లి, మోటారు వేసి, గట్టు మీద మంచం వాల్చుకునేవాడు. పైపులోంచి తొట్టిలోకి నీళ్లు పడుతున్నంతసేపూ ఒళ్లెరగని నిద్ర. ఆ చప్పుడు ఆగిందా, ఠక్కున లేచి కూర్చునేవాడు. కరెంటు పోయిందో, ఫ్యూజు కొట్టేసిందో చూడాలిగా. అట్లా ఏళ్లకేళ్లు నీళ్ల చప్పుడులో నిద్రపోయిన మనిషి ఆరో అంతస్తులో పడుకుని, కింద రోడ్డు మీద హారన్లు వింటూ తెల్లార్చేవాడు.

నేను సౌండ్ డిజైన్ చేస్తాను. చిన్న సినిమాలు, వెబ్ సిరీస్‌లు నా జీతం. వాటి మధ్యలో యోగా క్లాసులకీ, ధ్యానం ఆడియోలకీ యాంబియంట్ ట్రాకులు, అంటే వెనకాల మెల్లగా మోగే ధ్వనులు చేసిస్తుంటాను. వాన, అడవి, ఏటి ఒడ్డు, పల్లె రాత్రి లాంటివి. ఊళ్లో వాళ్లందరికీ నిద్ర పట్టించే పని చేస్తూ ఇంట్లో మనిషికి ఆ మాత్రం చెయ్యలేనా అనిపించింది. ఒక సాయంత్రం కూర్చుని గంటసేపు నడిచే ‘పల్లె రాత్రి’ తయారుచేశాను. హార్డ్ డిస్కులో ఉన్న కీచురాళ్లు, కప్పలు, పిల్లకాలువ, దూరంగా ఒక కుక్క. అన్నిటి కిందా సింథ్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యంతో ఒక మెత్తటి స్వరం. అన్నిటి మీదా నాలుగున్నర సెకన్ల హాల్ రివర్బ్, అంటే పెద్ద హాల్లో మోగినట్టు ధ్వని వెనక సాగే తోక. నా చెవికి చాలా అందంగా ఉంది. హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. చిన్నాన్న కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు విని, తీసి ఒళ్లో పెట్టుకుని అడిగాడు.

“అమ్మా, ఈ కప్పలు గుళ్లోకి ఎట్లా పోయినయ్?”

ఆయన తప్పు పట్టాలని అనలేదు. నిజంగానే తెలియక అడిగాడు. విన్నది విన్నట్టు చెప్పాడు. నేను మళ్లీ విన్నాను. నిజమే. రాతి మంటపం, నున్నటి నేల, ఎత్తయిన కప్పు, మధ్యలో కప్పలు. పొలం ఎక్కడా లేదు.

ఆ రోజు నుంచీ నా పనిలో నాకొక పట్టుదల వచ్చింది. ప్రకృతి ధ్వనులతో యాంబియంట్ చేసేవాళ్లం చాలామందిమి రివర్బ్‌ని నగిషీ అనుకుంటున్నాం. చప్పగా ఉన్న ధ్వనికి మెరుపు తెచ్చే పూత అనుకుంటున్నాం. చెవికి మాత్రం రివర్బ్ అంటే ఒకటే అర్థం: గోడలు. ఎన్ని గోడలు, ఎంత దూరంలో, రాయా చెక్కా. మనం ఏ చోటో తేల్చుకోకుండా రివర్బ్ వేస్తే, వినేవాళ్ల చెవి తనకు తోచిన చోటు తానే కట్టుకుంటుంది. అప్పుడు కప్పలు గుళ్లోకి పోతాయి.

ఈ గోడల లెక్క మొదట తేల్చింది వాలెస్ సబీన్ అనే హార్వర్డ్ ఫిజిక్స్ అధ్యాపకుడు. 1895లో అక్కడ ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన లెక్చర్ హాల్లో ఎవరేం మాట్లాడినా అర్థమయ్యేది కాదు. అన్న మాట ఐదున్నర సెకన్ల దాకా గదిలో తిరుగుతూనే ఉండేది. దాన్ని బాగుచెయ్యమని సబీన్‌కి అప్పగించారు. ఆయన పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మీది దిండ్లు మోయించి, హాల్లో కొన్ని కొన్నిగా పరుస్తూ, ఒక ఆర్గన్ గొట్టం ఊదించి ఆపించి, స్టాప్‌వాచీతో చెవికి వినబడనంతగా తగ్గేదాకా కొలిచేవాడు. బయట ట్రాముల సందడి అణగాక, రాత్రుళ్లు చేశాడు ఈ పని. తెల్లారేలోపు దిండ్లు మళ్లీ థియేటర్లో ఉండాలి. ఫీల్డ్ రికార్డింగ్ చేసేవాళ్లకి, అంటే బయటికెళ్లి ధ్వనులు పట్టుకొచ్చేవాళ్లకి ఆ రాత్రుళ్లు ఎట్లా ఉండి ఉంటాయో తెలుస్తుంది. ఇవాళ రివర్బ్ వేసే చిన్న సాఫ్ట్‌వేర్‌లో, అంటే మన ప్లగిన్‌లో కనిపించే డికే టైమ్ ఆ కొలతే. ధ్వని శక్తి పది లక్షల్లో ఒక వంతుకు, అంటే 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే కాలం.

సబీన్ పనిలో నన్ను కట్టిపడేసిన విషయం ఇంకొకటుంది. ఏ వస్తువు ఎంత ధ్వనిని పీల్చుకుంటుందో పోల్చి చెప్పాలంటే ఒక కొలమానం కావాలి కదా. దానికి ఆయన ఎంచుకున్నది తెరిచిన కిటికీ. తెరిచిన కిటికీ మీద పడిన ధ్వని మొత్తం బయటికి పోతుంది, తిరిగి రాదు. దిండయినా, తివాచీ అయినా, మనిషయినా ఎన్ని చదరపు మీటర్ల తెరిచిన కిటికీకి సమానమో లెక్క. ఇప్పుడు మా చిన్నాన్న పొలాన్ని ఈ లెక్కలో చూడండి. నాలుగు వైపులా తెరిచిన కిటికీ. పైన ఆకాశమంతా తెరిచిన కిటికీ. కింద నేల ఒక్కటే గోడ, అదీ పైరుతో నిండిన మెత్తటి గోడ. అక్కడ నాలుగున్నర సెకన్ల తోక ఎక్కణ్నుంచి వస్తుంది?

బయట ధ్వని తిరిగి రాదని కాదు. కంభం చెరువు కట్ట మీద నిలబడి కేకేస్తే కొండ బదులు పలుకుతుంది. చిన్నప్పుడు మేం వంతులేసుకుని పేర్లు పిలిచేవాళ్లం. అది ప్రతిధ్వని. బడి పుస్తకాల్లో రివర్బ్‌ని ప్రతినాదం అంటారు. రెండూ వేరు. ప్రతిధ్వనిలో కేక వేరుగా, బదులు వేరుగా వినబడతాయి, మధ్యలో నిశ్శబ్దం ఉంటుంది. ఒక సెకను తర్వాత బదులొచ్చిందంటే కొండ సుమారు 170 మీటర్ల దూరంలో ఉన్నట్టు. ప్రతినాదంలో వందల బదుళ్లు ఒకదాని మీద ఒకటి పడి మూల ధ్వనికి అంటుకుని తోకలా సాగుతాయి. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కిలోమీటరు దూరంలో ఉన్న బాలా హిస్సార్ మీద వినబడుతుందని గైడ్లు చూపిస్తారు కదా, అదక్కడి గుమ్మటం పనితనం. ఆ కప్పు కింద నుంచి పది అడుగులు పక్కకి జరిగి కొట్టండి, ఆ జోరు ఉండదు. కోట కట్టినవాళ్లకి తెలుసు, ఏ ధ్వనికి ఏ చోటో.

అడవికి కాస్త రివర్బ్ ఉంటుంది. మాను మానుకీ తగిలి ధ్వని చెదురుతుంది. కానీ అది హాల్లో లాగా నిండుగా ఉండదు, పొట్టిగా, మసకగా ఉంటుంది. ఆకులు పైస్థాయి ధ్వనుల్ని తినేస్తాయి. 1975లో యూజీన్ మోర్టన్ అనే పరిశోధకుడు పనామాలో పక్షుల పాటల్ని పోల్చి చూసి, దట్టమైన అడవి పక్షుల కూతల్లో నిదానమైన, ఈలలాంటి స్వరాలు ఎక్కువనీ, బయలు ప్రదేశాల పక్షుల్లో గబగబా కొట్టుకునే స్వరాలు ఎక్కువనీ రాశాడు. అడవిలో వేగంగా పాడితే ఒక స్వరం తోక ఇంకో స్వరం మీద పడి గజిబిజి అవుతుంది. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో ఇది అన్ని జాతులకీ సరిపోలేదు. అయినా ఆ ఆలోచన నాకు చాలా ఇష్టం. పిట్టలే తమ చోటుని లెక్కలో పెట్టుకుని పాడుతున్నాయి. బయలులో గబగబా అరిచే పిట్ట మీద మనం కేథడ్రల్ రివర్బ్ వేస్తే, అది కొన్ని లక్షల ఏళ్లుగా దిద్దుకున్న పాటని చెరిపేసినట్టే.

మరి మనకి రివర్బ్ అంటే ఇంత మోజెందుకు? నాకు తోచేది చెప్తాను. మన చెవికి ఎకో అంటే దైవం. పాత పౌరాణిక సినిమాల్లో ఆకాశవాణి పలికిందంటే గొంతు వెనక మోత ఉండి తీరాలి. ఊళ్లో తిరునాళ్లకి మైక్ సెట్ పెట్టే అబ్బాయి “హలో, మైక్ టెస్టింగ్” అంటూనే ఎకో నాబ్ తిప్పుతాడు, లేకపోతే ఊరు ఒప్పుకోదు. గుడి గంట మంటపంలో మోగుతుంది, అజాన్ మినార్ మీంచి తేలి వస్తుంది, చర్చి పాట పైకప్పుకి తగిలి కిందకి దిగుతుంది. గొప్పదీ పవిత్రమైనదీ ఏదైనా మనకి పెద్ద చోట్లలోనే వినబడింది. అందుకే ఏ ధ్వనికైనా గౌరవం ఇవ్వాలంటే రివర్బ్ వేస్తాం. ఇది తప్పని నేననను. ఒక వెల్‌నెస్ సెంటర్ వాళ్లకి ఏటి ఒడ్డు ట్రాక్ చేసిచ్చినప్పుడు వాళ్లు మూడుసార్లు వెనక్కి పంపారు. “ఇంకొంచెం దైవికంగా ఉండాలండీ” అన్నారు. ప్రతిసారీ నేను రివర్బ్ పెంచుతూ పోయాను. చివరికి ఏరు ఏరులా లేదు, పెద్ద డ్రమ్ములో నీళ్లు తిప్పుతున్నట్టుంది. వాళ్లకి నచ్చింది. డబ్బులిచ్చారు. ఆ ట్రాక్‌లో ఉన్న ఏరు ఎక్కడిదో వినేవాళ్లకి తెలిసే దారి మాత్రం మూసుకుపోయింది, అది నా చేతుల మీదుగానే జరిగింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

సెప్టెంబర్లో రెండు మంచి వానలు పడ్డాయని ఫోనొచ్చింది. రికార్డర్ తీసుకుని ఊరెళ్లాను.

మొదటి రాత్రి గట్టు మీద కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడు నేను గమనించింది ధ్వని ఎంత పొడిగా, అంటే తోక లేకుండా ఉందో అని. కప్పల బెకబెకలు గోరుతో గీసినంత స్పష్టంగా ఉన్నాయి. పది అడుగుల్లో ఒకటి, గట్టుకి అవతల మడిలో పది, ఇంకా అవతల లెక్కలేనన్ని. ఒక్కదానికీ తోక లేదు. అయినా ఏది దగ్గరో ఏది దూరమో కళ్లు మూసుకుని చూపించగలను. అంటే పొలంలో దూరాన్ని చెప్పేది రివర్బ్ కాదు. గాలిలో ధ్వని వెళ్లేకొద్దీ దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా, పైస్థాయి ధ్వనులు ముందు అరిగిపోతాయి. దగ్గరి కప్ప గొంతులో గరగర ఉంటుంది, దూరపు కప్పలో గుండ్రటి ముద్ద మిగులుతుంది. ఇంకోటి, దగ్గరిది ఎడమా కుడీ అని తెలుస్తుంది, దూరపువి కలిసిపోయి ఒక గీతలా పరుచుకుంటాయి. గుంటూరు నంద్యాల లైను మీద రాత్రి రైలు కూత వినిపించింది. పగలు మా పొలంలోకి అది వినబడదు. రాత్రి నేల చల్లబడి, నేలను అంటుకున్న గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. పైకి పోవాల్సిన ధ్వని కిందికి వంగి మన దాకా వస్తుంది. అంత దూరం నుంచి వచ్చినా అది చిన్నగా, మెత్తగా, పొడిగానే ఉంది.

ఇక్కడ పని నేర్చుకునేవాళ్లకి ఒక్క మాట. మీరు చేసిన రికార్డింగులో ఆ చోటు ముందే ఉంది. నేల నుంచి తిరిగొచ్చిన ధ్వని, గట్టు నుంచి వచ్చింది, షెడ్డు గోడ నుంచి వచ్చింది, అన్నీ అందులో పడ్డాయి. దాని మీద మళ్లీ రివర్బ్ వేస్తే ఒక చోటుని తీసుకెళ్లి ఇంకో చోట్లో పెట్టినట్టు. పొలాన్ని మడిచి ఫంక్షన్ హాల్లో దించినట్టు. సింథ్ మీద, వేణువు మీద, అంటే చోటంటూ లేని ధ్వని మీద రివర్బ్ వెయ్యండి, నిండుగా వెయ్యండి. వాటికి ఇల్లు లేదు, మీరు కట్టాలి. కప్పకి ఇల్లుంది.

రెండో రోజు బావి దగ్గరికి పోయాను. బోర్లు వచ్చాక వదిలేసిన మోటబావి, ముప్పై అడుగుల పైనే లోతు, రాతి కట్టు. వానకి అడుగున నాలుగడుగుల నీళ్లు చేరాయి. కన్వల్యూషన్ రివర్బ్ అని ఒకటుంది. ఒక చోట ‘ఠప్’ మని ఒక పొట్టి ధ్వని చేసి, ఆ చోటు దానికి ఎట్లా బదులిచ్చిందో రికార్డ్ చేసుకుంటే, తర్వాత ఏ ధ్వనినైనా ఆ చోట్లో మోగించినట్టు లెక్కగట్టొచ్చు. ఈ లెక్కని వెంటవెంటనే చేసే యంత్రాన్ని సోనీ 1999లో తెచ్చింది. ఇప్పుడు ఉచిత ప్లగిన్లు లాప్‌టాప్‌లో ఆ పని చేస్తున్నాయి. మా చిన్నాన్న కొడుకు మెట్ల మీద సగం దాకా దిగి బెలూన్ పట్టుకున్నాడు. నేను రెండు మెట్లు పైన, రికార్డర్‌ని తాడుతో బావి మధ్యలోకి వేలాడదీశాను. “అక్కా, పగలగొట్టేదా?” అన్న మాటే బావిలో రెండు చుట్లు తిరిగింది. పగలగొట్టాడు. ఠప్‌మన్న ధ్వని ముక్కలై ఎదురుబొదురు గోడల మధ్య టకటకటక కొట్టుకుంది. పదునైన ముక్కలన్నీ బావి నోట్లోంచి పైకి పోయాయి. అడుగున గుమ్మ్‌మనే లోతు స్వరం ఒక్కటి మిగిలి, నీళ్ల మీద ఆనుకుని ఉన్నట్టు కాసేపు నిలిచి, ఆగిపోయింది. గూట్లో పావురాలు లేచిపోయాయి. ఇద్దరం ఏం మాట్లాడకుండా కూర్చున్నాం. సాఫ్ట్‌వేర్‌లో ముందే అమర్చి ఇచ్చే ఏ ప్రీసెట్‌లోనూ నేనింత వరకూ వినని రివర్బ్ అది. ఎనిమిది బెలూన్లు పగలగొట్టించాను.

దాన్ని మొత్తం ట్రాక్ మీద వెయ్యాలన్న కోరిక నాకు చాలా గట్టిగా కలిగింది. ఆపుకున్నాను. నూతిలో కప్ప అని సామెతగా అంటాం కదా, ఆ బావిలో నిజంగానే ఒక కప్ప ఉంది. రాత్రి గట్టు మీంచి వింటే మిగతా కప్పలన్నీ పొడిగా అరుస్తుంటే, బావి వైపు నుంచి ఒక్క గొంతు మాత్రం గుమ్మ్‌మని వచ్చేది. ట్రాక్‌లో ఆ ఒక్క కప్పకే బావి రివర్బ్ ఇచ్చాను. నలభై నిమిషాలకి మూడుసార్లు అరుస్తుంది. చుట్టూ అంతా పొడిగా ఉండబట్టే ఆ ఒక్క తోకకి విలువ వచ్చింది.

ఇక పొరల సంగతి. ఈ రంగంలో లేయర్లు ఎన్నుంటే అంత గొప్ప అన్న భ్రమ ఒకటుంది. నలభై ట్రాకుల అడవి చేశానని చెప్పుకునేవాళ్లని చూశాను. బెర్నీ క్రౌస్ అనే అమెరికన్ దశాబ్దాల పాటు అడవులు రికార్డ్ చేసి ఒక మాట చెప్పాడు. బాగున్న అడవిలో జీవాలు ధ్వని జాగాని పంచుకుంటాయి. ఒకటి కింది స్వరాల్లో, ఒకటి పైస్వరాల్లో, ఒకటి ఇంకొకటి ఆగిన సందులో అరుస్తాయి. కాలిఫోర్నియా సియెర్రా నెవాడాలో లింకన్ మెడో అనే చోట 1988లో, అక్కడక్కడా చెట్లు ఏరి కొట్టక ముందు రికార్డ్ చేశాడు. ఏడాది తర్వాత వెళ్తే కంటికి అడవి అట్లాగే ఉంది. రికార్డింగులో మాత్రం ముందున్న సందడి పోయింది. నా కప్పల రికార్డింగుని స్పెక్ట్రోగ్రామ్‌లో, అంటే ఏ స్థాయి ధ్వని ఎప్పుడు ఎంత ఉందో చూపించే బొమ్మలో చూస్తే నాకూ ఆ పంపకం కనిపించింది. కీచురాళ్లు 4,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ఒక సన్నటి గీత గీసుకుని అందులోనే ఉన్నాయి. కప్పలు దాని కిందున్న జాగా తీసుకున్నాయి. తొట్టిలో పడే నీళ్లు అన్నిటి వెనకా పలచగా పరుచుకున్నాయి. నేను పాత ట్రాక్‌లో ఐదు రకాల కీచురాళ్ల ఫైళ్లు వేశాను. ఒకే వరలో ఐదు కత్తులు. అక్కడి నుంచి వచ్చిన రొదని మెత్తబరచడానికే ఆ రివర్బ్ అంత వేశానని ఇప్పుడు అర్థమవుతోంది. పొరలు సరిగ్గా పంచితే రివర్బ్ అవసరం సగం తగ్గిపోతుంది.

వాన చెయ్యడంలో నాకు మన భాషే సాయపడింది. ఇంగ్లిష్ లైబ్రరీలో వాన ఫైళ్లు తేలికది, మధ్యస్థం, భారీ అని ఉంటాయి. మనకి తుంపర, చినుకు, జల్లు, ముసురు, జడివాన, కుండపోత ఉన్నాయి. ఇవి తూకాలు కావు, నడతలు. జల్లు వచ్చి పోతుంది. ముసురు పోదు. ముసురుకి తంబురా లాగా ఒకే శ్రుతి ఉండాలి, దాని మీద ఏదీ ఎక్కువగా కదలకూడదు. పైగా వానకి సొంత గొంతు దాదాపు లేదు. మనం వినేది అది పడిన వస్తువుని. రేకుల షెడ్డు మీద కుండపోత మాట వినబడనివ్వదు. కొట్టం తాటాకు మీద అదే వాన గుసగుసలాడుతుంది. అరటాకు మీద ఒక్కో చినుకూ డప్పు. ఎండిన నేల మీద మొదటి నాలుగు చినుకులు టప్, టప్ అని పడతాయి, ఆ నేల తడిసిందంటే ఆ ధ్వని మళ్లీ రాదు. అందుకే నేను వానని ఒక ఫైలుగా చెయ్యను. మైకు కొట్టం కింద ఒకటి, అరటి దగ్గర ఒకటి, చేలో ఒకటి పెట్టి వాటినే పొరలుగా వాడతాను. వాన ఆగాక చూరు నుంచి కారే చుక్కలు నాకు అన్నిటికన్నా ఇష్టం. గంట దాకా కారతాయి, మధ్య ఎడం పెరుగుతూ పోతుంది. వాన వెలిసిందని చెప్పడానికి ఇంకేం అక్కర్లేదు.

ఎక్కడి ధ్వని అన్నది కూడా పట్టించుకోవాలి. హాలీవుడ్ పాత అడవి సినిమాల్లో ఆఫ్రికా అడవుల్లో కూకబర్రా అనే ఆస్ట్రేలియా పిట్ట అరుస్తుంది. ఇంగ్లిష్‌లో కప్ప అరుపంటే ‘రిబిట్’ అని ప్రపంచమంతా అనుకోవడానికి కారణం హాలీవుడ్ చుట్టుపక్కల దొరికే పసిఫిక్ తీరపు చెట్టుకప్ప. సినిమాలన్నిటిలోకీ దాని గొంతే ఎక్కింది. నా పాత ట్రాక్‌లో కప్పలూ ఏ దేశానివో. మా ఊరి రికార్డింగులో తీతువు కూత చాలా చక్కగా వచ్చింది, దూరంగా చెరువు మీంచి. తీసేశాను. మా వైపు రాత్రి తీతువు అరిస్తే అపశకునం అంటారు. ఆపరేషనై మంచం మీదున్న మనిషి చెవిలో అది పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఈ నిర్ణయం ఏ సాఫ్ట్‌వేరూ మన కోసం తీసుకోదు.

లూపుల గురించి క్లుప్తంగా. గంట ట్రాక్‌లో మూడు నిమిషాల ముక్కని ఇరవైసార్లు తిప్పితే చెవి రెండో చుట్టులోనే పట్టేస్తుంది, ఒక కుక్క మొరుగు చాలు. బ్రయాన్ ఈనో అనే బ్రిటిష్ సంగీతకారుడు 1978లో విమానాశ్రయాల కోసం చేసిన సంగీతంలో ఒక టేపు లూపుని 23½ సెకన్లకీ, ఇంకోదాన్ని 25⅞ సెకన్లకీ తిరిగేలా పెట్టాడు, అవి ఎప్పుడో గానీ కలవవు. నేను కీచురాళ్లకి 7 నిమిషాలు, కప్పలకి 11, గాలికి 13 పెట్టాను. ఆ మూడూ మళ్లీ ఒకేచోట మొదలవ్వాలంటే 1,001 నిమిషాలు, అంటే పదహారున్నర గంటల పైనే పడుతుంది. ఒక రాత్రికి అది చాలు.

నా వాదనకి ఎదురు చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాటలో పస ఉంది. యాంబియంట్ అనేది డాక్యుమెంటరీ కాదు, కల, కలలో కప్పలు గుళ్లో ఉంటే తప్పేంటి అంటాడు నాతో పనిచేసే మిక్స్ ఇంజినీర్ ఒకాయన. తప్పు లేదు. గుడిలో కప్పలు అన్నదే మీ కల అయితే చెయ్యండి, నేనూ వింటాను. నా తగువు తెలియకుండా చేసిన గుడితో. కలక్కూడా ఒక చోటు ఉంటుంది. మనం కలలో చూసేది ఎక్కడో తెలియని తెల్లటి పొగని కాదు, చిన్నప్పటి వంటింటిని, బడి వరండాని. వాటి గోడలు మనకి తెలుసు. ఇంకొందరు వినేవాళ్లకి ఇంత తేడా తెలియదు అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను. చిన్నాన్నకి రివర్బ్ అన్న మాట తెలియదు. ఐదు నిమిషాల్లో గుడిని పట్టుకున్నాడు. మాట తెలియకపోవడం వేరు, వినబడకపోవడం వేరు.

కొత్త ట్రాక్ చెయ్యడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆరే పొరలు: తొట్టిలో నీళ్లు, గాలి, కీచురాళ్లు, కప్పలు, బావిలో కప్ప, రైలు. రివర్బ్ రెండింటికే. బావి కప్పకి బావిది. దూరపు కప్పలకి, కొట్టంలో తీసుకున్న పొట్టి రివర్బ్, సెకను లోపలే ఆగిపోయేది, 300 హెర్ట్జ్ కిందా 5,000 పైనా కోసేసి, ఉందా లేదా అన్నంత. కింద కొయ్యకపోతే గుడగుడమని బురద చేరుతుంది. పైన కొయ్యకపోతే పాలరాయి వినబడుతుంది. కింద సింథ్ స్వరం మొదట ఉంచాను, తర్వాత తంబురాగా మార్చాను, తర్వాత తీసేశాను. నీళ్లే శ్రుతి.

చిన్నాన్నకి హెడ్‌ఫోన్స్ ఇవ్వలేదు. మంచం పక్కన కిటికీ గట్టు మీద చిన్న స్పీకర్ పెట్టి, చాలా తక్కువ వాల్యూమ్‌లో మోగించాను. ఆయనేం అనలేదు. అటు తిరిగి పడుకున్నాడు. అరగంటకి గురక మొదలైంది. పక్క గదిలో నేను మేలుకునే ఉన్నాను.

సరిగ్గా గంటకి ఫైలు అయిపోయింది. అవతల మంచం కిర్రుమంది. వెళ్లి చూస్తే చిన్నాన్న లేచి కూర్చుని, చీకట్లో చెప్పుల కోసం కాలితో వెతుకుతున్నాడు.

“మోటారు ఆగిందమ్మా” అన్నాడు.

ఇప్పుడు ఆ ఫైలు నిడివి ఎనిమిది గంటలు. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి నీళ్లు నలభై నిమిషాల పాటు కొద్దికొద్దిగా తగ్గుతాయి. అవి పూర్తిగా ఆగేసరికి కాకులు మొదలవుతాయి.